కారు అమ్మేముందు చెప్పిన మాట

మా కారు చుట్టుపక్కల ఎవరికీ అక్కర్లేదని మాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

అప్పటికి ఎనిమిదేళ్లుగా నేను భద్రాచలానికి ముప్పై కిలోమీటర్ల అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో నర్సుగా పనిచేస్తున్నాను. మా ఆయన అక్కడే ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. ఆ ఊరికి వెళ్లిన రెండో ఏడు, తునికాకు కాంట్రాక్టు చేసే ఒకాయన దగ్గర చిన్న తెల్ల కారు కొన్నాం. ఆదివారం భద్రాచలంలో చర్చికి పోవడానికి, నెలకోసారి తల్లాడలో ఉన్న మా అమ్మను చూసి రావడానికి పనికొస్తుందని మా ఆలోచన. పిల్లలు ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. వాళ్ల దగ్గరికీ వెళ్లి రావచ్చనుకున్నాం.

కొన్న వారానికే ఆ లెక్క తప్పింది. ఆరోగ్య కేంద్రానికి ఒక జీపు ఉండేది. కానీ డీజిల్ ఉన్నప్పుడు డ్రైవరు ఉండడు, డ్రైవరు ఉన్నప్పుడు టైరు ఉండదు. లోపలి గూడేల నుంచి మనిషిని మంచం మీద మోసుకొచ్చి మా వాకిట్లో దించితే, నేను చేయగలిగింది చేసి, ఇక నా వల్ల కాదనుకున్నప్పుడు మా ఆయన వైపు చూసేదాన్ని. ఆయన తాళంచెవులు తీసుకునేవాడు. వెనక సీట్లో పేషెంటును పడుకోబెట్టి తల నా ఒళ్లో పెట్టుకునేదాన్ని. సెలైన్ సీసా పట్టుకుని పట్టుకుని చేయి తిమ్మిరెక్కుతోందని నేనంటే, ఒక రోజు ఆయన భద్రాచలంలో వెల్డింగ్ షాపుకు తీసుకుపోయి కిటికీ పైన ఒక ఇనుప కొక్కెం వేయించాడు. ఆ తరువాత నా రెండు చేతులూ పేషెంటుకే.

ముప్పై కిలోమీటర్లు. మధ్యలో రెండు వాగులు. వానాకాలం గంటన్నర, ఎండాకాలం గంట. ఆ దారిలో ఏ మలుపులో ఏ గుంత ఉందో మా ఆయనకు కంఠతా వచ్చు. నాకు మాత్రం ఆ దారి ఎలా ఉంటుందో తెలియదనే చెప్పాలి. నేను ఎప్పుడూ కిటికీలోంచి చూడలేదు. నా చూపు పేషెంటు ఛాతీ మీదే. అది పైకి లేస్తోందా లేదా అని. తిరిగొచ్చేది ఎప్పుడూ చీకట్లోనే.

తరువాత నూట ఎనిమిది నంబరు బండ్లు వచ్చాయి. మొదట్లో మా దాకా వస్తాయని ఎవరూ నమ్మలేదు. వచ్చాయి. ఒక నెల గడిచాక ఒక మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆయన అన్నాడు, "ఈ నెలల ఒక్కసారి గూడ మన తలుపు కొట్టలేదు, చూసినవా?" నేను చూశాను. ఆ నెలంతా నేను ప్రతి పూటా అన్నం పూర్తిగా తిన్నాను. అది చిన్న విషయంలా కనబడుతుంది, కానీ ఏడేళ్లలో అలాంటి నెల ఇంకొకటి లేదు.

ఆ తరువాతి జనవరిలో నాకు తల్లాడకు, ఆయనకు ఆ పక్క మండలానికి బదిలీ అయింది. జూన్‌లో చేరాలి. అక్కడ ఇంటి ముందే గంటకో బస్సు ఆగుతుంది. పైగా ఆ గుంతల రోడ్డు మీద తిరిగి తిరిగి ఆయన నడుము పాడైంది. ఖమ్మంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక డ్రైవింగ్ మానేయమని చెప్పాడు. కారు అమ్మేద్దామనుకున్నాం. అదేం పెద్ద పనిలే అనుకున్నాం.

మొదట పాఠశాలలో ఆటల మాస్టరు తీసుకుంటానన్నాడు. బేరం కూడా కుదిరింది. ఆ సాయంత్రం ఆయన భార్య మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "వదినా, ఏమనుకోకండి. మా ఇంట్ల చిన్నపిల్లలున్నరు. గా బండ్ల మనుషులు పోయిన్రంటగదా" అని చెప్పి, నేను ఏదో అనేలోపే వెళ్లిపోయింది. తరువాత ఇంకొకరు వచ్చారు. వెనక సీటు తలుపు తీయకుండానే వెళ్లారు. చివరికి భద్రాచలంలో ఎప్పుడూ మా కారు బాగుచేసే మెకానిక్ అసలు సంగతి చెప్పాడు.

"సారు, మీ బండికి ఏ రోగం లేదు. నేను చేసిన బండి, నాకు తెల్వదా? కానీ ఈడ అందరికీ తెల్సు ఇది ఏం బండో. గోదావరి అవతల అమ్ముకోండి. లేకుంటే విడగొట్టి పార్టులు అమ్ముకోవాలె."

దారిలో ముగ్గురు పోయారు. ఏడేళ్లలో ముగ్గురు. ఆ ముగ్గురి వల్ల మా కారు చావుల బండి అయింది.

గోదావరి అవతల ఎవరిని అడగాలో మాకు తెలియదు. ఆ రోజుల్లో పేపర్లో ప్రకటనలు వస్తుండేవి, మీ పాత కారు వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టండి, మేమే వచ్చి చూస్తాం, మేమే కొనేవాళ్లను తెస్తాం అని. భద్రాచలం బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటరు ఉండేది. అంతకుముందు అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన నడివయసావిడే టైపు మిషన్లు తీసేసి మూడు కంప్యూటర్లు పెట్టింది. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, పది వేళ్లతో టకటకా కొడుతూ, మా వివరాలన్నీ నింపింది.

ఊరు పేరు దగ్గర ఆగిపోయింది. "ఇచ్చిన లిస్టులో భద్రాచలం లేదు మేడం. మీ ఊరైతే అసలే లేదు. ఖమ్మం ఉన్నది. ఖమ్మం అని పెట్టనా?"

"పెట్టమ్మా" అన్నాను.

బండి ఏ ఏటిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంతమంది చేతులు మారింది. తరువాత ఒక ప్రశ్న వచ్చింది. ఆవిడ పైకి చదివింది. "బండికి ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా?"

"లేదు" అన్నాడు మా ఆయన. అది నిజమే. ఏడేళ్లలో ఒక్క మేకను కూడా గుద్దలేదు.

ఇంకా ఏం అడుగుతారో అని నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. ఇంకేమీ అడగలేదు. బయటికొచ్చాక మా ఆయన, "చూసినవా, కంప్యూటరుకు పట్టింపుల్లేవు" అన్నాడు. ఆయన ముఖంలో చాలా రోజుల తరువాత నవ్వు చూశాను. నాకు మాత్రం లోపల ఎక్కడో ముల్లు దిగినట్టుంది.

నాలుగో రోజు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఒకమ్మాయి సగం ఇంగ్లీషు, సగం తెలుగులో, మా బండిని చూడడానికి వాళ్ల మనిషి వస్తాడని చెప్పింది. వచ్చాడు. కారు చూడడానికి వచ్చినాయన ఖమ్మం నుంచి మూడు బస్సులు మారి వచ్చాడు. దిగేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రెండు గ్లాసులు మజ్జిగ తాగి, "లిస్టులో ఖమ్మం అని ఉంది మేడం. ఇంత దూరమని తెలిస్తే మా సారు పంపేటోడు గాదు" అన్నాడు. మంచివాడు. వచ్చిన పని మాత్రం శ్రద్ధగా చేశాడు. టైర్లు చూశాడు, బానెట్ ఎత్తి చూశాడు, కింద పడుకుని చూశాడు. వెనక సీట్లోకి వంగి కిటికీ పైన చేయి పెట్టాడు.

"ఇదేంది సార్, కొక్కెం?"

మా ఆయన, "బట్టలు తగిలించుకోవడానికి" అన్నాడు.

వచ్చినాయన ఆ మాటే కాగితం మీద రాసుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. పిల్లవాడు పరీక్షలో ఒక్క మార్కు ఎక్కువ పడిందని చెబితే, మెచ్చుకుంటూనే ఆ మార్కు తీసేసే మనిషి. ఆ కారు ఆయనను ఎంత విసిగించిందో ఆ ఒక్క మాటతో తెలిసింది.

రెండు వారాల తరువాత కంపెనీ వాళ్లు కొనేవాళ్లు దొరికారని చెప్పారు. కూసుమంచి వాళ్లట. ధర వాళ్లకు నచ్చింది, బండి చూసుకుని మాట ఖాయం చేసుకుంటామన్నారట.

పొద్దున్న బస్సుకు భార్యాభర్తలిద్దరూ దిగారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్లు ఆటో నడిపాడట. ఆవిడ మిర్చి కోతలకు కూలీల ముఠాను తీసుకుపోయే మేస్త్రి. గొంతు ఖంగుమంటుంది. చేతులు ఎండకు నల్లబడి ఉన్నాయి. ఒక్కడే కొడుకు, ఖమ్మంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని. వచ్చే నెలలో పెళ్లి.

మగవాళ్లిద్దరూ కారు నడిపి చూడడానికి వాగు దాకా వెళ్లారు. ఆవిడ నా దగ్గర కూర్చుని టీ తాగింది. నేను నర్సునని తెలిసి అప్పుడే నన్ను సిస్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది.

"మా ఇంట్ల ఇదే మొదటి కారు సిస్టరమ్మా. మా ఆయన ఆటో తోలి తోలి, ఎప్పటికన్న కారు కొంటనని మా లగ్గమైన ఏడు చెప్పిండు. గిన్నేండ్లకు అయింది" అంటూ పక్కన పెట్టుకున్న సంచి విప్పి చూపించింది. పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ. "ఈయాల్నే బొట్టు పెట్టి పోతం. పెండ్లి పిల్లను ఇదే కార్ల ఇంటికి తెచ్చుకుంటం. నా కోడలు కాలు నడకన రావద్దు, ఆటోల రావద్దు. గదే నా కోరిక."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

వాళ్లు తిరిగొచ్చారు. దిగుతూనే ఆయన, "ఇంజను సప్పుడు మంచిగున్నది. సారు బాగ చూసుకున్నడు బండిని" అన్నాడు. జేబులోంచి బయానా డబ్బు తీసి మా ఆయన చేతికి ఇవ్వబోయాడు. ఆవిడ అరచేతిలో పసుపు వేసుకుని, చెంబులోంచి నాలుగు చుక్కల నీళ్లు పోసి తడిపి, కారు ముందుకు నడిచింది. మేము బొట్టు పెట్టేవాళ్లం కాదు. కానీ ఆ తడి పసుపు, ఆవిడ ముఖంలో ఆ వెలుగు, అవి చూశాక నేను ఆగలేకపోయాను.

"ఆగక్కా" అన్నాను. "పసుపు పెట్టేముందు ఒక మాట చెప్పాలి."

మా ఆయన నా వైపు చూశాడు. వద్దని కళ్లతోనే చెప్పాడు. నేను చెప్పేశాను. ఈ కారులో పేషెంట్లను తీసుకుపోయేవాళ్లమని, దారిలో ముగ్గురు ఇందులోనే పోయారని, అందుకే ఇక్కడ ఎవరూ కొనలేదని, ఆ కొక్కెం బట్టలకు కాదని, సెలైన్ సీసాకని. ఒక్క ఊపిరిలో చెప్పాను.

ఆవిడ అరచేతిలోని పసుపును మెల్లగా కొంగుకు తుడుచుకుంది.

ఆయన అన్నాడు, "కంపెనీ వాళ్లు గీ ముచ్చట రాయలేదు గదమ్మా."

"వాళ్లు అడగలేదు. అడిగితే చెప్పేవాళ్లమో లేదో కూడా తెలియదు. ఇప్పుడు మీకు చెప్తున్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన డబ్బు జేబులో పెట్టుకున్నాడు. "జర మాట్లాడుకొని వస్తం" అని గేటు దాటి ఎదురుగా ఉన్న బస్సు షెల్టరు కిందికి వెళ్లి కూర్చున్నారు. సంచి కూడా తీసుకుపోయారు.

మా ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఆయన గొంతు పెంచడు. పెంచకపోవడమే నాకు ఎక్కువ కష్టం. "నాకు చేతగాదే ఇగ. రెండు నెలల్నుంచి తిరుగుతున్నం. నువ్వు ఆ ఒక్క మాట అనకుంటే అయిపోతుండె" అన్నాడు.

"ఆమె చేతిలో పసుపు చూశావా?"

"చూసిన" అన్నాడు.

మధ్యాహ్నం బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. షెల్టరుకూ మాకూ మధ్య ఆగింది. ఆ ఊరికి రోజుకు మూడే బస్సులు. ఇది పోతే సాయంత్రం దాకా ఇంకొకటి లేదు. ఎక్కేశారనే అనుకున్నాను. అనుకుని, నిజం చెప్పాలంటే, తేలికపడ్డాను. కారు అమ్ముడుపోకపోతే పోయింది, ఆ తల్లి ఆ పిల్లను ఏమీ తెలియకుండా ఇందులో ఇంటికి తెచ్చుకోదు కదా అనుకున్నాను. బస్సు కదిలింది. దుమ్ము అణిగింది. ఇద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు. ఆవిడ చేతులు ఊపుతూ ఏదో గట్టిగా చెబుతోంది, ఆయన తల ఊపుతున్నాడు.

ఇంకో పది నిమిషాలకు తిరిగొచ్చారు. ఆవిడ సూటిగా నా దగ్గరికొచ్చింది.

"పోయినోళ్లు ఎవరు సిస్టరమ్మా? ఎట్ల పోయిన్రు?"

చెప్పాను. ఒక ముసలాయన, పాము కరిచాక మూడు గంటలు నాటువైద్యం చేసి ఆలస్యంగా తెచ్చారు. ఒక ఏడేళ్ల పాప, మలేరియా మెదడుకెక్కింది. ఒక బాలింత, కాన్పు తరువాత రక్తం ఆగలేదు. ఆమె చివరిదాకా నా చేయి పట్టుకునే ఉంది. ఆమె మాట్లాడిన కోయ మాటల్లో నాకు సగమే అర్థమయ్యాయి. పిల్ల గురించి అడుగుతోందని మాత్రం తెలిసింది.

ఆవిడ, "మరి బతికినోళ్లు?" అంది.

ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మేమూ ఎప్పుడూ అనుకోలేదు. నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన అరుగు మీద నుంచి లేవకుండానే వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. లెక్కల మాస్టరు కదా, ఒక్కొక్క ఊరి వరుసన పోయాడు. వాగు అవతలి గూడెంలో చెట్టు మీంచి పడ్డ పిల్లవాడు. వాడు ఇప్పుడు మా బడిలోనే తొమ్మిదో తరగతి. ఇప్పపూలు ఏరబోతే ఎలుగుబంటి మీద పడ్డ ఆయన. పురుగుమందు తాగిన ఇద్దరు అన్నదమ్ములు. కాన్పు కష్టమైన ఆడవాళ్లు, వాళ్లను లెక్కపెడుతుంటే రెండు చేతుల వేళ్లూ చాలలేదు. "ఇద్దరైతే ఇందులోనే పుట్టిన్రు. ఒకడు వాగు మధ్యల. బండి ఆపిన నేను, ఈమె కాన్పు చేసింది. నీళ్లు బండి కిందికెల్లి పోతున్నయి" అన్నాడు. ఆ తరువాత ఇంకో ఊరి పేరు చెప్పబోయి ఆగిపోయాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఏడేళ్లలో ఆయన ఆ విషయాలు ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నేను ఆయన పక్కకు వెళ్లి కూర్చున్నాను.

ఆవిడ కారు వెనక తలుపు తీసి లోపల కూర్చుంది. తలుపు వేసుకుంది. ఏం చేసిందో, ఏం ఆలోచించిందో నాకు తెలియదు. కొంతసేపు అలాగే కూర్చుని బయటికొచ్చింది.

"ఇగో సిస్టరమ్మా, ఉన్నమాట చెప్తున్న. పెండ్లి పిల్లను ఇందుల తేను. నా మనసు ఒప్పది. దానికి కిరాయి కారు మాట్లాడుకుంటం. పెండ్లి అయినంక పది దినాలకు ఈ బండిని ఇంటికి తెచ్చుకుంటం. అందాక మీ కాడనే ఉండనియ్యండి."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. "ఉండనివ్వు అక్కా. నెల కాదు, రెండు నెలలైనా ఉండనివ్వు."

ఆయన మళ్లీ డబ్బు తీశాడు. మా ఆయన కొంత తగ్గిస్తానన్నాడు. "ఎందుకు సారు? ఇంజను అదే ఇంజను గదా" అన్నాడాయన. పోయేముందు మా ఆయన ఆ కొక్కెం తీయించి ఇస్తానంటే, "ఉండనియ్యండి, సద్ది మూట తగిలిచ్చుకుంట" అని నవ్వాడు. ఆవిడ నిమ్మకాయలు మాత్రం ఆ రోజే తొక్కించింది. నాలుగు చక్రాల కింద నాలుగు పెట్టి, మా ఆయనతోనే బండి ముందుకు తీయించింది. దిష్టి అంతా ఇక్కడే పోవాలని.

పెళ్లయిన పదకొండో రోజున భద్రాచలంలో కాగితాల మీద సంతకాలు పెట్టి బండి అప్పగించాం. ఒక భయం మాత్రం మిగిలింది. నక్సలైట్లు తిరిగే మా అడవి పక్క ఊళ్లలో ఎవరి పేరున ఉన్న బండి ఎక్కడ ఎవరి చేతిలో కనబడినా, పోలీసులు మొదట వచ్చేది పేరున్నవాళ్ల ఇంటికే. కాగితాలు మారకుండా బండి తిరుగుతుంటే మా నిద్ర పోతుంది. కొన్నాయన ఆ సంగతి మేం చెప్పకముందే గ్రహించాడు. నెల దాటకముందే ఖమ్మం ఆఫీసులో పేరు మార్పించి, ఆ కాగితం జిరాక్సు తీసి పోస్టులో పంపాడు. వెనకవైపు పెన్సిలుతో రాశాడు, బండి మంచిగ నడుస్తుంది అని. ఆ రోజు మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, బైబిల్లో పెట్టాడు.

కంపెనీ నుంచి ఆ అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. వాళ్ల సేవలు ఎలా ఉన్నాయో అడిగే ఫోను. ప్రశ్నలు చదువుతూ పోయింది. "బండి గురించిన పూర్తి వివరాలు కొనేవాళ్లకు ఇచ్చారా అండీ?" అంది. బహుశా టైర్ల గురించి, ఇన్సూరెన్సు గురించి అడిగి ఉంటుంది.

"ఇచ్చామమ్మా. అన్నీ ఇచ్చాం" అన్నాను. అంత సులువుగా నేను ఏ ఫోనులోనూ జవాబు చెప్పలేదు.

జూన్‌లో ఆ ఊరు వదిలాం. సామాను లారీలో ముందు పోయింది. మేమిద్దరం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. ఊరు దాటగానే అడవి మొదలైంది. తొలకరి పడి రెండు రోజులైంది. టేకు ఆకులు కొత్తగా, లేతగా ఉన్నాయి. మొదటి వాగు దగ్గర కొంగలు. ఒక మలుపులో నాలుగు ఇళ్ల చిన్న గూడెం, దడి మీద సొర తీగలు, ముందు ఎర్రమట్టితో అలికిన అరుగు మీద ముగ్గు. ఆ గూడెం అక్కడ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇది ఎప్పుడు కట్టారు?" అని అడిగాను.

మా ఆయన విచిత్రంగా చూశాడు. "మనం రాకముందు నుంచీ ఉన్నదే. నువ్వు ఎన్నడు చూడలేదా?"

చూడలేదు. దారి పొడుగునా ఆయన చూపిస్తుంటే చూస్తూ వచ్చాను. ఇక్కడ ఇప్పచెట్లు, అక్కడ పాత గుడిసె, అదిగో గుట్ట మీద నెమళ్లు. గోదావరి వంతెన ఎక్కేసరికి నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. వంతెన దిగాక ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను. పాల్వంచ ఎప్పుడు దాటామో తెలియదు. కొత్తగూడెంలో బస్సు మారాలని ఆయన లేపితే లేచాను.